కనిపించని గుమాస్తా

పెళ్ళికి పోయినవాళ్ళు పందిరి చూస్తారు, పెళ్ళికూతురి నగలు చూస్తారు, సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తారు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర చెమటోడ్చినవాళ్ళను చూసినవాళ్ళు తక్కువ. మా తిరుపతి సంగతే తీసుకోండి. కొండకు వచ్చిన ప్రతివారూ లడ్డూ పట్టుకుని దిగుతారు గాని, అది తయారయ్యే పోటులోకి తొంగిచూసినవారెందరు? పని కనిపించకుండా జరగడమే పెద్దరికమని మనవాళ్ళు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది వంటవాళ్ళ సంగతి కాదు. కంప్యూటరు తెర వెనుక పనిచేసే ఒక గుమాస్తా సంగతి. వాడికి జీతం లేదు, కుర్చీ లేదు, ఆదివారం లేదు. వాడి పేరు బ్యాచ్ ఫైలు. చేయవలసిన పనులన్నీ వరుసగా రాసి ఇస్తే, పై నుంచి కిందికి ఒక్కొక్కటే చేసుకుంటూ పోతాడు. వాడిని ఎవరి కంటా పడకుండా దాచిపెట్టే విద్య ఒకటి ఉంది. ఆ విద్య నేర్చుకుని, నలుగురి చేత శభాష్ అనిపించుకుని, ఆ తరువాత ఒక ఎండాకాలం పాలుపోసే ఆడవాళ్ళ ముందు తల దించుకుని నిలబడ్డవాణ్ణి నేను. కనుక ఈ చరిత్ర చెప్పడానికి నాకు కొద్దో గొప్పో హక్కు ఉన్నదనే అనుకుంటాను.

బ్యాచ్ అనే మాట నేను మొదట విన్నది 1979లో, మద్రాసులో. మాకు పాఠాలు చెప్పే మాష్టారొకరు పరిశోధన చేస్తూండేవారు. ఆయన లెక్కలు చేతితో తెమిలేవి కావు. తిరుపతిలో తెల్లవారుజామున బస్సెక్కి, పుత్తూరు, నాగలాపురం, ఊతుకోట మీదుగా మద్రాసు చేరి, అక్కడి ఐఐటీలో ఉన్న పెద్ద కంప్యూటరుకు ఆ లెక్కలు అప్పజెప్పి రావాలి. అది ఐబీఎం 370. పశ్చిమ జర్మనీవారు ఇప్పించగా 1973లో వచ్చింది. మాష్టారి వెంట చెప్పుల డబ్బాలు రెండు మోసుకుని పోవడం నా ఉద్యోగం. డబ్బాల్లో చెప్పులు కాదండీ, కార్డులు. ఒక్కొక్క కార్డుకు 80 గడులు, వాటిలో చిల్లులు. ఒక కార్డు ఒక వాక్యం. డబ్బా కిందపడి కార్డుల వరుస చెదిరిందా, రామాయణంలో యుద్ధకాండ ముందుకు, బాలకాండ వెనక్కు పోయినట్టే.

నేను కంప్యూటరును చూస్తానని కొత్త చొక్కా వేసుకుని పోయినాను. చూడనిస్తేగా! అద్దాల అవతల చల్లటి గది. ఇవతల ఒక కిటికీ. కిటికీలో కార్డుల కట్ట పెడితే లోపలి ఆపరేటరు దాన్ని తీసుకుని, మా మాదిరిగా వచ్చినవాళ్ళ కట్టలతో కలిపి ఒక దొంతర పేర్చినాడు. ‘బ్యాచ్ పోయింది, రేపు రండి’ అన్నారు. అంటే బ్యాచ్ అనగా ఆ దొంతరే. కంప్యూటరు మా ఎదుట ఏమీ చేయదు. రాత్రి ఎప్పుడో తనంతట తాను చేసుకుంటుంది. మర్నాడు పోతే మడతల కాగితం చేతికి ఇచ్చినారు. లెక్క జరగలేదు. ఫలానా కార్డులో కామా లేదు అని అచ్చువేసి ఉంది. ఒక్క కామా కోసం తిరువల్లిక్కేణి సత్రంలో ఇంకొక రాత్రి దోమలతో గడిపినాము. మాష్టారు కోప్పడలేదు గాని, ‘చూశావటరా, తప్పు జరిగినా కాగితం మీద రాసి ఇచ్చింది’ అన్నారు. అప్పుడా మాట నా చెవికి ఎక్కలేదు. ఎక్కడానికి 24 ఏళ్ళు పట్టింది.

ఈ దొంతర పద్ధతి ఎందుకు పుట్టిందంటే, డబ్బు. 1950ల్లో కంప్యూటరు బాడుగ గంటకు ఇంత అని లెక్క. ఇంజనీర్లు వంతులవారీగా వచ్చి టేపులు ఎక్కించుకోవడం, దించుకోవడంతోనే పుణ్యకాలం గడిచిపోయేది. అది చూడలేక అమెరికాలో జనరల్ మోటార్స్ వారూ, విమానాలు కట్టే నార్త్ అమెరికన్ ఏవియేషన్ వారూ కలిసి 1956లో ఐబీఎం 704 కోసం ఒక మేస్త్రీ ప్రోగ్రాము రాసుకున్నారు. ఒకరి పని అయిపోగానే, మనిషి చెయ్యి తగలకుండా, రెండోవారి పని అందుకోవడమే ఆ మేస్త్రీ పని. తరువాతి పదేళ్ళలో ఐబీఎం వారు ఆ మేస్త్రీకి ఆజ్ఞలిచ్చే భాష ఒకటి పెట్టినారు. దానిపేరు జేసీఎల్. మన అమీర్‌పేట కోచింగుల్లో 1990ల చివర పిల్లలు కోబాలుతో పాటు వల్లెవేసింది ఈ జేసీఎల్‌నే. 2000 సంవత్సరం వస్తుంది, తేదీలు తారుమారవుతాయి అనే భయంలో అమెరికా కంపెనీలు పిలిస్తే, మా చిత్తూరు జిల్లా పల్లెల నుంచి కూడా పోయి, అక్కడి బ్యాంకుల్లో రాత్రిపూట నడిచే బ్యాచ్ పనులకు కాపలా కూర్చున్న కుర్రవాళ్ళున్నారు. ఊళ్ళో చెరకు తోటకు రాత్రి కరెంటొస్తే నీళ్ళు కట్టడానికి లేచిన అలవాటు ఉన్నవాళ్ళు కదా, నిద్ర కాయడం వాళ్ళకు కొత్తేమీ కాదు.

దాచి పనిచేయించే విద్యకు అసలు పుట్టిల్లు మాత్రం యూనిక్సు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు 1970ల మొదట్లో ఒక చిన్న గుర్తు పెట్టినారు. ఆజ్ఞ చివర ‘అండ్’ గుర్తు తగిలిస్తే ఆ పని వెనకపాటున నడుస్తుంది, మనకు మన తెర వెంటనే తిరిగి వస్తుంది. ఇందులో ఉన్న రహస్యం తెలిస్తే మీరు నవ్వుతారు. వెనకపాటున నడిపించడానికి కంప్యూటరు కొత్తగా చేసేదేమీ లేదు. మామూలుగా అయితే పని అయ్యేవరకూ కాచుకుని ఉంటుంది. ఆ గుర్తు ఉంటే కాచుకోదు. అంతే. పనివాణ్ణి పంపి వాకిట్లో నిలబడి ఎదురుచూడటం ఒక పద్ధతి, పంపి తలుపేసుకోవడం ఇంకొక పద్ధతి. దీనితోపాటు నోహప్ అని ఇంకొక ఆజ్ఞ వచ్చింది. ఆ రోజుల్లో దూరాన ఉన్నవాళ్ళు టెలిఫోను తీగ మీద కంప్యూటరును వాడేవారు. ‘నేను ఫోను పెట్టేసినా నీ పని మానుకోకు’ అని చెప్పడమన్నమాట. 1979 వచ్చేసరికి యూనిక్సులో క్రాన్ అనే గడియారం కూడా చేరింది. వేళ చెప్పి పెడితే ఆ వేళకు పని చేయించేది.

మనబోటివాళ్ళ చేతికి మాత్రం ఇవేవీ రాలేదు. మనకు వచ్చింది డాస్. ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో పుడితే, బ్యాచ్ ఫైలు దానితోనే పుట్టింది. ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే ఫైలు ఉంటే, మిషను తెరవగానే అందులో రాసిన పనులన్నీ అదే చేసేది. నేను 1989లో తిరుపతిలో ఒక చిన్న కంప్యూటరు బడిలో చెప్పడానికి చేరినాను. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. కొండమీద గుడికీ మా ఏసీ గదికీ ఒకటే ఆచారం. పిల్లలు బ్యాచ్ ఫైలు నడిపిస్తే, వాడు చేసే ప్రతి ఆజ్ఞనూ తెరమీద వల్లిస్తూ పోయేవాడు. కొత్తకోడలు అత్తగారికి వినపడేలా గిన్నెలు కడిగినట్టు! ఆ నోరు మూయించడానికి ఎకో ఆఫ్ అని రాసేవాళ్ళం. కాని ఆ ‘ఎకో ఆఫ్’ అనే మాటనైనా ఒకసారి పైకి అని గాని ఊరుకునేవాడు కాదు. 1987లో వచ్చిన డాస్ 3.3లో దానికి ముందు ‘ఎట్’ గుర్తు పెట్టే వెసులుబాటు వచ్చింది. దాంతో పూర్తిగా మౌనం. ఆ ఎట్ గుర్తును బోర్డు మీద రాసి చూపించినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చిన వెలుగు నాకు ఇంకా గుర్తే. మాట్లాడకుండా పనిచేసేవాడంటే మనకు అంత గౌరవం.

తరువాత విండోసు వచ్చింది. బ్యాచ్ ఫైలుకు పరువు పోయింది. రంగు రంగుల తెర మధ్యలో వాడు నడిచినప్పుడల్లా నల్లటి కిటికీ ఒకటి ఠక్కున తెరుచుకునేది. దీనికి మందు విండోసు 98తో వచ్చింది. విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ అని. వీబీస్క్రిప్టులో రెండే రెండు వరుసలు రాస్తే చాలు. మొదటి వరుస షెల్‌ను పిలుస్తుంది. రెండో వరుసలో రన్ అని, మూడు సంగతులు చెప్పాలి. ఏ బ్యాచ్ ఫైలు నడపాలి, కిటికీ ఎలా కనపడాలి, పని అయ్యేదాకా కాచుకోవాలా వద్దా. కిటికీ దగ్గర సున్నా వేస్తే అసలు కనపడదు. కాచుకోవడం దగ్గర ఫాల్స్ అని పెడితే పంపి తలుపేసుకుంటుంది. సున్నా, ఫాల్స్. కనపడకు, కాచుకోను.

ఇదే విద్య దొంగచేతిలో పడితే ఏమవుతుందో 2000 మే 4న లోకమంతా చూసింది. ఫిలిప్పీన్స్‌లో బయలుదేరిన ఒక ఉత్తరం, నిన్ను ప్రేమిస్తున్నాను అనే శీర్షికతో, లక్షల కంప్యూటర్లలో జొరబడింది. అదీ వీబీస్క్రిప్టే. ఫైలు పేరు చివరి తోకను విండోసు మామూలుగా దాచిపెట్టేది గనుక, చూసినవాళ్ళకు అది ఉత్తరంలాగే కనిపించింది. తెరిచినవాళ్ళ ఫైళ్ళు పాడుచేసి, వాళ్ళకు తెలిసినవాళ్ళందరికీ తనంతట తానే నకళ్ళు పంపుకుంది. అప్పటికి ఆ దేశంలో అది నేరమని చెప్పే చట్టం లేక కేసు నిలవలేదు. ఆ వార్త పేపర్లో చదివి నేను మా వాళ్ళకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చినాను, దాగి పనిచేసేవాణ్ణి నమ్మకూడదని. ఉపన్యాసం ఇచ్చినవాడు వినాలని శాస్త్రంలో లేదు.

అవి మా రాష్ట్రంలో ఎక్కడ చూసినా కంప్యూటరు మాటే వినిపించే రోజులు. 1998 నవంబరులో కార్డ్ పథకం కింద 214 సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో దస్తావేజులు కంప్యూటర్లకు ఎక్కినాయి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ వారు మా జిల్లాలోనే కుప్పం వచ్చి ఐ-కమ్యూనిటీ అన్నారు. ఆ ఊపులో నేను బడి మానుకుని చిత్తూరు చేరినాను. అక్కడ పాలు సేకరించే ఒక సంస్థలో లెక్కల కంప్యూటర్లు చూడటం నా పని. వారానికి రెండుసార్లు తిరుపతి నుంచి బస్సు. దారిలో గాదంకి వస్తుంది. రోడ్డుకు అల్లంత దూరంలో 1024 యాంటెనాలు నేలమీద వరుసతీరి ఉంటాయి. ఎంఎస్‌టీ రాడారు. పైగాలి ఎటు, ఎంత వేగంగా వీస్తున్నదో ఆకాశంలోకి తరంగాలు పంపి కనిపెడుతుంది. బస్సులో ఉన్నవాడికి ఒక్క చప్పుడూ వినపడదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ముచ్చట వేసేది. పనంటే అట్లా ఉండాలి అనుకునేవాణ్ణి.

ఆ సంస్థలో రాత్రి తొమ్మిదికి ఒక బ్యాచ్ ఫైలు నడిచేది. ఆ రోజు పొద్దున, సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోసినారు, వెన్నశాతం ఎంత అన్న లెక్కంతా రెండో కంప్యూటరులోకి కాపీ చేయడం దాని పని. అక్కడ పెద్దగుమాస్తా ఒకాయన ఉండేవారు. దస్తావేజుల కాలం మనిషి. ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, ‘ఏం సారూ, రాత్రయితే నల్లడబ్బా ఒకటి వస్తా ఉండాది. ఏమన్నా పురుగా? నేనైతే ఇంటూ గుర్తు కొట్టి మూసేస్తా ఉండా’ అన్నారు. నా గుండె గుభేలుమంది. కాపీ సగంలో ఆగిపోతున్నదన్నమాట!

‘అది పురుగు కాదన్నా, మన పనివాడే. రేపటినుంచి మీకు కనపడడు లెండి’ అన్నాను.

ఆ రాత్రే రెండు వరుసల స్క్రిప్టు రాసినాను. సున్నా, ఫాల్స్. మర్నాడు తొమ్మిదయింది, నల్లడబ్బా రాలేదు. పెద్దాయన నన్ను మెచ్చుకుని టీ తెప్పించినారు.

అది 2002 సంగతి. 2003 సంక్రాంతికి, కనుమనాడు ఆఫీసు ఖాళీగా ఉంటే, పాత సంవత్సరం కాపీలు విడిగా ఉంటాయని రెండో కంప్యూటరులో ఆ ఫోల్డరు పేరు మార్చినాను. ఆ స్థానంలో కొత్తది పెట్టాలి. ఇంతలో ఇంటినుంచి ఫోను, అలసంద వడలు చల్లారిపోతున్నాయని. పెట్టడం మరిచి బస్సెక్కినాను.

ఏప్రిల్ మొదటి వారంలో మొదటి కంప్యూటరు హార్డ్ డిస్కు టకటకమని పోయింది. అందరూ కంగారుపడుతుంటే నేను కాలుమీద కాలు వేసుకుని, రెండోదాంట్లో అంతా ఉంది లెండి అన్నాను. తెరిచి చూస్తే సంక్రాంతి ముందటిరోజు వరకే ఉంది. ఆ తరువాత ఏమీ లేదు. ఎందుకిలా జరిగిందో తెలియక, స్క్రిప్టు పక్కనబెట్టి బ్యాచ్ ఫైలును చేత్తో నడిపించినాను. నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో ఒక ప్రశ్న. ‘నువ్వు చెప్పిన పేరు అక్కడ లేదు. అది ఫైలా, ఫోల్డరా?’ ఎక్స్‌కాపీ అనే ఆజ్ఞకు ఆ గుణం ఉంది. పోవలసిన చోటు లేకపోతే అడుగుతుంది, జవాబు వచ్చేదాకా కదలదు. కర్సరు మినుకు మినుకుమంటూ ఉంది. కనుమ మొదలుకొని ప్రతి రాత్రీ తొమ్మిదికి, ఆ చీకట్లో, అది నన్నే అడిగింది. వినడానికి నేను కిటికీ ఉంచలేదు. కాచుకోవడానికి స్క్రిప్టుకు అనుమతి ఇవ్వలేదు. తొమ్మిదిన్నరకు కుర్రవాడు కంప్యూటరు ఆపేస్తే ప్రశ్న కూడా ఆరిపోయేది. 

వానలు లేని సంవత్సరం అది. సీమలో వేరుశనగ ఎండిపోయి, ఇంటిని నడిపింది ఆవు ఒక్కటే. చివరి పదిహేను రోజుల బిల్లు ఇంకా ఇవ్వలేదు. ఏడాది మొత్తం పోసిన లీటర్ల మీద బోనసు కట్టాలి. ఏ లెక్కా లేదు. దిక్కుతోచక నేను కూర్చుంటే పెద్దగుమాస్తాగారే దారి చూపినారు. ‘వాళ్ళకాడ కార్డులు ఉండాయి కదా సారూ’ అని. నిజమే. పాలు పోసిన ప్రతిసారీ లీటర్లు, వెన్న రాసి ఇచ్చే అట్టముక్క ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కబురంపితే వచ్చినారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. కొంగున ముడివేసుకున్నవి, పసుపు మరకలవి, మధ్యకు చిరిగినవి, నాలుగు వందల పైచిలుకు కార్డులు. వాటిని చూసి రెండు రోజులకు ఒక పూట నిద్రపోతూ మళ్ళీ ఎక్కించినాము. ఒకామె కార్డు చేతికి ఇస్తూ నా ముఖంలోకి చూసి అడిగింది. ‘ఇది గూడా పోయుంటే మేము పాలు పోయనట్టేనా సామీ?’

ఏం చెప్పాలో నాకు తోచలేదు.

కార్డు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక ముసలమ్మ కార్డును మేక నమిలేసిందట. పెద్దగుమాస్తాగారు ఆ ఊరికి స్వయంగా పోయినారు. నేనూ వెంట పోయినాను. గుమ్మం పక్క గోడమీద బొగ్గు గీతలు. పొద్దుటివి పైన, సాయంత్రానివి కింద. లీటరుకు పొడుగు గీత, అర లీటరుకు పొట్టిది. ఒక చోట గీతలు సగానికి తగ్గినాయి. ఏమని అడిగితే, గడ్డి లేక ఒక ఆవును అమ్మినదినమట అది. పెద్దాయన పంచె ఎగగట్టి, గీతలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నారు. వెన్నశాతం సంక్రాంతి ముందటి సగటు వేసినాము. ఆమె ఒప్పుకుంది. చిత్తూరు దాకా బస్సులో ఆయన నాతో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ వారమే స్క్రిప్టు మార్చినాను. కిటికీ దగ్గర సున్నా అలాగే ఉంచినాను. ఫాల్స్ తీసి ట్రూ పెట్టినాను, పని అయ్యేదాకా కాచుకొమ్మని. బ్యాచ్ ఫైలు ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చిపోతుంది. సున్నా అయితే క్షేమం, ఇంకేదయినా తప్పు. ఆ అంకె చదివి, తప్పుంటే తెరమీద పెద్ద పెట్టె తెరవమన్నాను. ఎక్స్‌కాపీ ప్రశ్న అడగకుండా ముందే జవాబు చెప్పే గుర్తు చేర్చినాను. ఇంత చేసి చూపిస్తే పెద్దాయన తల పంకించి, ‘అంతా బాగుండాది. నాకు మాత్రం ఒక చీటీ కావాల’ అన్నారు. కంప్యూటరు ఏం చేసిందీ ఏ రాత్రికారాత్రి కాగితం మీద కనపడాలట. మా మాష్టారు మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది నాకు. మూలన ఉన్న డాట్ మాట్రిక్స్ ప్రింటరుకు ఒక వరుస పంపేలా రాసినాను. తేదీ, ఎన్ని ఫైళ్ళు, అయిందా కాలేదా. ఆయన రోజూ పొద్దున ఆ ముక్క చింపి, గమ్ము రాసి, రిజిస్టరులో అంటించి కింద సంతకం చేసేవారు. రిటైరయిన రోజుదాకా చేసినారు.

వీబీస్క్రిప్టును క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్టు వారు 2023 అక్టోబరులో ప్రకటించినారు. ఆ మధ్య ఆ సంస్థ నుంచి ఒక కుర్రవాడు నాకు ఫోను చేసినాడు. నేను రాసిన స్క్రిప్టు ఇంకా నడుస్తూనే ఉందట, కొత్త పద్ధతిలోకి మార్చాలట. ఏ వరుస ఎందుకుందో ఫోనులోనే చెప్పుకుంటూ వచ్చినాను. తెలివైనవాడు, తొందరగా గ్రహించినాడు. చివర, ‘సార్, రోజూ రాత్రి ఒక చీటీ వస్తా ఉండాది కదా, ఎవరూ చూడరు. అది తీసేయమంటారా?’ అన్నాడు.

వద్దన్నాను. పాల కార్డుల సంగతి, గోడమీద గీతల సంగతి చెప్పినాను. కాసేపు ఊరుకుని, ‘ఉంచుతాను గాని సార్, ఆ ప్రింటరుకు రిబ్బన్లు ఈడ యాడా దొరకడం లేదే’ అన్నాడు.

మద్రాసులో రిచీ వీధిలో అడిగి చూడమన్నాను.